వైండింగ్ బాబాయి, గెలాక్సీ నడుమ కడ్డీ

మా వైండింగ్ బాబాయి పోయారన్న కబురు నాకు క్లాసు మధ్యలో అందింది. ఫోను సైలెంట్‌లో పెట్టి బల్ల మీద ఉంచి డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. అది రెండుసార్లు గుర్రుమని ఆగింది. మూడోసారి విసుగ్గా తీశాను. అటు మా తమ్ముడు.

"అక్కా, బాబాయి పోయారే. పొద్దున ఏడింటికి. మధ్యాహ్నం నమాజు అవగానే తీసుకెళ్తారంట. నువ్వు అందుకోలేవేమో."

ఫోను విసుక్కుంటూ తీసినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపంగానే ఉంది.

గుంటూరు నుంచి మా ఊరు తిరువూరు రావాలంటే విజయవాడలో బస్సు మారాలి. ఆ బస్సు ఆగని ఊరు లేదు. మైలవరం దాటేటప్పటికే టైము రెండైంది. సీటు ఖాళీ అయినా కూర్చోలేక నిలబడే ఉన్నాను, నేను నిలబడితే బస్సు తొందరగా వెళ్తుందన్నట్టు. మా వీధిలో అడుగుపెట్టేసరికి అంతా అయిపోయింది. కబరస్థాన్ నుంచి తిరిగొచ్చిన మగవాళ్లు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. లోపల గదిలో చాప మీద కూర్చుని ఉన్న పిన్ని నన్ను చూసి, "ముందే వచ్చినా ఆడవాళ్లను అక్కడిదాకా రానివ్వరులే, కూర్చో," అంది. తన భర్త పోయిన రోజున కూడా ఆవిడే నన్ను ఓదార్చవలసి వచ్చింది.

ఇది చదువుతున్నవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఎక్కువమంది ఉండరు. వినగడప, గంపలగూడెం, విస్సన్నపేట వైపు బోరు మోటారు కాలిపోయిన రైతులకు మాత్రం ఆయన బాగా తెలుసు. తిరువూరులో మా ఇంటికీ ఆయన కొట్టుకీ ఒకటే గోడ. కాలిపోయిన మోటార్లలో రాగితీగ పీకేసి కొత్త తీగ చుట్టడం, అదే వైండింగ్, ఆయన పని. మా నాన్న, ఆయన ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. అందుకని వాళ్లు సాయిబులైనా, మేము కాకపోయినా, ఆయన మాకు బాబాయి, ఆవిడ పిన్ని. వాళ్లింట్లోనూ తెలుగే మాట్లాడతారు. చుట్టిన తీగకు పూసే వార్నిష్ వాసన మా ఇంట్లో పప్పు వాసనంత మామూలు. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే, ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. టీ ఎప్పుడు తెప్పించుకున్నా రెండు గ్లాసులు తెప్పించేవారు. రెండోది ఎవరికని అడిగితే, "ఎవరో ఒకళ్లు వస్తార్లే," అనేవారు. నిజంగానే ఎవరో ఒకళ్లు వచ్చేవాళ్లు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. నాకు ఎమ్మెస్సీలో సీటొచ్చిందని చెప్పడానికి పరిగెత్తుకెళ్తే, "అయితే ఇంకో రెండేళ్లు చదవాలన్నమాట, పాపం," అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితం. మోటారు పనికిరాదని తేలితే ఎంత దగ్గరివాళ్లకైనా మొహం మీదే చెప్పేసేవారు. "చూద్దాం, రేపు రండి అనకూడదమ్మా. ఆశపడి వాడు రెండ్రోజులు ఆగితే అక్కడ పైరు పోద్ది," అనేవారు. రైతులు ఆయన్ని తిట్టుకుంటూ వెళ్లి, తర్వాతి మోటారు మళ్లీ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు.

నేను పీహెచ్‌డీ చేసింది గెలాక్సీల మీద. మన పాలపుంతలాగా సుడి తిరిగి ఉండే గెలాక్సీల్లో చాలావాటికి నడిమధ్యలో ఒక కడ్డీ ఉంటుంది. ఇనప కడ్డీ కాదు, కోట్ల నక్షత్రాలు కలిసి కడ్డీ ఆకారంలో కనపడతాయి. మన పాలపుంతకూ ఉంది. ఆ కడ్డీ ఎలా పుడుతుంది, ఎలా తిరుగుతుంది అన్నదే నా పరిశోధన. చెప్పుకోవడానికి బాగానే ఉండేది కానీ, మూడో ఏడు వచ్చేసరికి నాకు సమీకరణాలన్నీ వచ్చు, విషయం మాత్రం రాదు. మా గైడు ఏదడిగినా బోర్డు మీద లెక్క చేసి చూపించేదాన్ని. "అది సరేనమ్మా, అసలక్కడ జరిగేదేమిటి?" అని ఆయన అడిగితే మళ్లీ అదే లెక్క చేసేదాన్ని. చదువు మానేద్దామని ఏడుస్తూ ఇంటికొచ్చేశాను.

రెండో రోజు బాబాయి కొట్లో కూర్చుని, లాప్‌టాప్‌లో నేను తయారుచేసిన వీడియో ఆయనకు చూపించాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి చూపించాను, అంతే. గుండ్రంగా పళ్లెంలా ఉన్న చుక్కలన్నీ మధ్యబిందువు చుట్టూ తిరుగుతుంటాయి. కొంతసేపటికి మధ్యభాగం కోలగా సాగుతుంది. ఇంకొంతసేపటికి అక్కడ చక్కటి కడ్డీ ఏర్పడి, అది గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. బాబాయి కళ్లద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చూశారు.

"ఇప్పుడా చుక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయినియ్యా?"

"లేదు బాబాయ్. దేని దారిన అదే పోతోంది."

"మరి కడ్డీ తిరుగుతోందిగా?"

"తిరుగుతోంది. అదే నాకు సరిగ్గా చెప్పడం రావట్లేదు."

ఆయన లేచి, అప్పుడే చుట్టడం పూర్తయిన మోటారు బాడీని దగ్గరికి లాగారు. లోపల తిరిగే భాగం లేదు. బయటి ఇనప గుండ్రం, దాని లోపలి అంచు చుట్టూ రాగిచుట్లు, నడుమంతా ఖాళీ. ఆ ఖాళీలో ఒక బేరింగు గోళీ వేసి, తక్కువ కరెంటు ఇచ్చారు. గోళీ గబుక్కున కదిలి లోపలి గోడ వెంబడి గుండ్రంగా పరుగు పెట్టింది. చుట్టింది సరిగ్గా ఉందో లేదో ఆయన చూసుకునే పద్ధతి అది. చిన్నప్పటి నుంచి నేను వందసార్లు చూసిందే.

"ఇనుము కదిలిందా? లేదు. తీగ కదిలిందా? లేదు. మరి గోళీ దేని వెంట పడుతోంది? ఈ చుట్టు దగ్గర అయస్కాంతం లేస్తది, పడతది. ఆ లోపు పక్కదాని దగ్గర లేస్తది. ఆ పొంగు తిరుగుతోందమ్మా, వస్తువు కాదు. మీ కడ్డీ కూడా పొంగేనా?"

మూడేళ్లుగా నేను చెప్పలేకపోయింది అదే. కడ్డీ అనేది ఒక ఆకారం. నక్షత్రాలు దానికి అంటుకుని ఉండవు. పొడవాటి కోల దారుల్లో ఆ కడ్డీ వెంబడి అటు పోతూ ఇటు వస్తూ ఉంటాయి, అది తిరిగే వేగం కంటే తామే వేగంగా తిరుగుతూ ఉంటాయి. ఆకారం మాత్రం తన వేగంతో తాను తిరుగుతుంటుంది. నాకు సంతోషం పట్టలేక ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. "వార్నిషమ్మా, వార్నిషు," అని ఆయన చేతులు వెనక్కి లాక్కున్నారు.

అయితే అక్కడితో వదల్లేదు. టీ వచ్చాక, "మా దానికి కరెంటు బయట నుంచి వస్తే కదా పొంగు తిరిగేది. మీ దానికి ఇచ్చేవాడెవడు?" అని అడిగారు. మా గైడు కూడా నన్ను ఇంత సూటిగా అడగలేదు. ఎవరూ ఇవ్వరని చెప్పాను. నక్షత్రాల దారులు మొదట దాదాపు గుండ్రంగానే ఉంటాయి. ఎక్కడో కాస్త తేడా వచ్చి కొన్ని దారులు కోలగా సాగుతాయి. ఆ కోల దారుల పొడుగు వైపు కూడా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. అందులో ఏదైనా ముందుకు పోతే మిగతావాటి బరువు దాన్ని వెనక్కి గుంజుతుంది, వెనకబడితే ముందుకు లాగుతుంది. అలా అన్నీ ఒకే వరసలోకి వస్తాయి. వరసలో ఉన్నవి ఎక్కువయ్యేకొద్దీ లాగే బలం పెరిగి ఇంకొన్ని వచ్చి చేరతాయి.

"అంటే రేషన్ షాపు దగ్గర నలుగురు వంకరగా నిలబడితే లైనంతా వంకర పోయినట్టు," అన్నారాయన.

ఇప్పటికీ మా క్లాసు పిల్లలకు ఆ ముక్కతోనే పాఠం మొదలుపెడతాను. మళ్లీ వెళ్లి పీహెచ్‌డీ పూర్తిచేశాను. థీసిస్ మొదటి పేజీలో అందరికీ ధన్యవాదాలు చెప్పుకున్నాను, హాస్టలు వంటమనిషితో సహా. బాబాయి ఊసు లేదు. మర్చిపోయి కాదు. మోటార్లు చుట్టే మనిషి నాకు గెలాక్సీ అర్థమయ్యేలా చెప్పాడని రాస్తే నవ్వుతారేమోనని రాయలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆయన చదవరు.

రెండేళ్ల కిందట ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. మొన్నటి వేసవి సెలవుల చివర్లో ఒకసారి తోడుగా నేనూ వెళ్లాను. రక్తాన్ని గొట్టాల్లోకి తోసే చిన్న చక్రం ఆయన మంచం పక్కనే తిరుగుతుంటుంది. నాలుగు గంటలు పడుకోవాలి. కాసేపు దాని చప్పుడు విని, "దీని బేరింగు అరిగింది. ఆ నర్సమ్మకు చెప్పనా?" అన్నారు. చెప్పొద్దని బతిమాలాను. మీరు ఇక్కడికి రిపేరుకి వచ్చారు గానీ రిపేరు చెయ్యడానికి కాదని అంటే నవ్వారు.

అంతకు ముందే డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, నేను కూతురిననుకున్నాడేమో, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. గుండె బలహీనపడిందనీ, కిడ్నీ మార్చడానికి కూడా ఒళ్లు తట్టుకోదనీ, ఎక్కువ కాలం ఉండరనీ. ఎంత కాలం అంటే నెలలేనని అన్నాడు. తల ఊపి లోపలికి వచ్చాను. నా మొహం మామూలుగానే ఉందని నా నమ్మకం.

బాబాయి నా వైపు తిరిగి పడుకున్నారు. "డాక్టరేమన్నాడమ్మా?"

"ఏముంది, మామూలేనన్నాడు."

"నాతో ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. మీ పిన్నినడిగితే ఏడుస్తది. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఇది బాగయ్యేదేనా? కాదంటే ఇప్పటినుంచే కొత్త మోటార్లు ఒప్పుకోకుండా, ఉన్నవి చుట్టి ఇచ్చేస్తా. రైతుల్ని మధ్యలో వదిలెయ్యకూడదు కదా."

ఆయన అడిగింది అంతే. భయపడి అడగలేదు, ధైర్యం చెప్పమని అడగలేదు. పని చూసుకోవడానికి అడిగారు. ఆ చక్రం తిరుగుతూనే ఉంది. ఏం చెప్పాలో తెలిసి కూడా చెప్పలేకపోవడం అనేది ఇంత చిన్నగా, ఇంత మామూలుగా జరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అది సరే గానీ బాబాయ్, ఎప్పుడో అడిగారు కదా, ఆ కడ్డీ ఎప్పటికైనా ఆగిపోతుందా అని," అన్నాను.

ఆయన కొంచెంసేపు నన్నే చూశారు. తర్వాత, "ఆ, చెప్పు," అన్నారు.

చెప్పాను. గెలాక్సీ చుట్టూ కంటికి కనపడని పదార్థం ఒకటి దట్టంగా ఉంటుందనీ, కడ్డీ తిరిగేటప్పుడు తన బరువుతో దాన్ని తన వైపు గుంజుకుంటుందనీ, అలా పోగైనది కడ్డీ కంటే కాస్త వెనకబడి ఉండి దాన్ని వెనక్కి లాగుతుందనీ చెప్పాను. కడ్డీ తన తిరుగుడులో కొంత దానికి ధారపోసి నెమ్మదిస్తుంది. నెమ్మదించేకొద్దీ పొడవు పెరిగి, ఇంకొన్ని నక్షత్రాలను కలుపుకుంటుంది. ఒక చుట్టు తిరగడానికే కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఆగిపోవడమంటూ అంత తొందరగా ఉండదన్నాను. ఆ చివరి మాట ఎందుకంత గట్టిగా అన్నానో, ఆయన కోసమో నా కోసమో, తెలియదు.

"కనపడనిదే పట్టుకుని లాగేదన్నమాట," అన్నారాయన. ఇంకా చాలా అడిగారు. లాగుతోందని మీకెలా తెలిసింది, కొలిచేది ఎట్లా, తప్పయితే ఎట్లా తెలుస్తది అని. నాలుగు గంటలూ అలాగే గడిచిపోయాయి. నేను ఇబ్బంది పడుతున్నానని గ్రహించి, నన్ను గట్టెక్కించడానికే ఆయన అన్ని ప్రశ్నలు వేశారని అనుకున్నాను. విషయం ఆయనకు తెలిసిపోయిందని, నేను నోరు విప్పి చెప్పే పని తప్పిందని అనుకున్నాను. సెలవులు కాగానే గుంటూరు వెళ్లిపోయాను. ఫోన్లో అప్పుడప్పుడూ మాట్లాడుకునేవాళ్లం. "పనెట్లా ఉంది బాబాయ్?" అంటే, "నడుస్తోందమ్మా," అనేవారు.

ఆయన్ని పూడ్చిన మర్నాడు కొట్టు తలుపు తీశాం, నేనూ మా తమ్ముడూ. నేల మీద ఏడు మోటార్లున్నాయి. ఏడూ విప్పేసినవే. కాలిన తీగ ముక్కలుగా పీకేసి, అన్నిటిదీ కలిపి మూల కుప్పగా పడేసి ఉంది. ప్రతి మోటారుకీ రైతు పేరు, ఊరు రాసిన అట్టముక్క కట్టి ఉంది. కొత్త తీగ ఒక్కదానికీ చుట్టలేదు.

ఈ పని సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. కాలిన తీగ పీకేముందు, బాడీ లోపల తీగ కూరే ఒక్కో గాట్లో ఎన్ని చుట్లున్నాయో, తీగ ఎంత లావో చూసుకోవాలి. కొత్తది మళ్లీ అలాగే చుట్టాలి. ఒకసారి పీకేశాక చుట్లెన్నో ఆ మోటారే చెప్పలేదు. బాబాయి ఇదివరకు ఆ అంకెలు గోడ మీద పెన్సిలుతో రాసుకునేవారు. డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి చెయ్యి వాచిపోయాక రాయడం మానేశారట. "వారంలో చుట్టేసేదానికి రాతలెందుకు, గుర్తుంటది," అనేవారట పిన్నితో. గోడంతా వెతికాం, సొరుగులు వెతికాం. పాత మోటార్ల అంకెలున్నాయి గానీ ఈ ఏడింటివీ లేవు.

మా తమ్ముడు విస్సన్నపేటలో ఇదే పని చేసే ఇంకో ఆయనకు ఫోన్ చేశాడు. "తీగ ఉంటే లెక్కపెట్టి చుట్టేవాణ్ణి బాబూ. పీకేశాక ఏం చెయ్యను? అంచనా మీద చుడతా, నిలబడతదో కాలిపోద్దో చెప్పలేను," అన్నాడాయన.

పిన్ని దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. భర్త పోయింది కాబట్టి వాళ్ల ఆచారం ప్రకారం నాలుగు నెలల పైన ఆవిడ గడప దాటకూడదు. మోటార్ల సంగతి చెప్పి, "ఇన్ని ఎందుకు ఒప్పుకున్నారు పిన్నీ, తెలిసి తెలిసి?" అని అడిగాను.

"ఏం తెలిసి?" అంది పిన్ని.

"అదే, ఎక్కువ రోజులు లేవని."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఆయనకెవరు చెప్పారే? నువ్వు తోడెళ్లావు చూడు, ఆ రోజు నవ్వుతా వచ్చారు ఇంటికి. 'అమ్మాయినడిగా. భయపడాల్సింది ఉంటే అది దాచదు, మన దగ్గర పెరిగింది. చుక్కల కబుర్లు చెప్తా కూర్చుందంటే నాకేం కాదన్నమాటే' అన్నారు. ఆ మర్నాడే వినగడపాయన మోటారు తెస్తే దించుకున్నారు."

ఆయన నన్ను గట్టెక్కించడానికి కాదు ఆ ప్రశ్నలన్నీ అడిగింది. బతుకుతానన్న నిశ్చింతతో, తీరిగ్గా, ఇష్టంగా అడిగారు. నాలుగు గంటలు నా పక్కన ఆయన సంతోషంగా ఉన్నారు. అందుకు నేను సంతోషించాలో ఏడవాలో నాకు తెలియడం లేదు. ఏడ్చాను మాత్రం.

పిన్నికి ఆ రోజు డాక్టరు నాతో ఏమన్నాడో చెప్పాను. చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. "నేనైనా చెప్పలేకపోయేదాన్నే," అంది చివరికి. తిట్టినా బాగుండేది.

మూడో రోజు ఫాతిహా ప్రార్థనకు ఇంటినిండా జనం. బయట బండి ఆగిన చప్పుడైతే నేను వెళ్లాను. వినగడప రైతు. యాభై ఏళ్లుంటాయి. కొట్టు తలుపు తీసి ఉండడం చూసి మోటారు అయిపోయిందనుకున్నాడు. కట్టుకుని తీసుకెళ్లడానికి సైకిలు ట్యూబు కూడా తెచ్చుకున్నాడు.

"బాబాయిగారు లేరా అమ్మా? వానల్లేవు, నారుమడి ఎండిపోతోంది. ఇవాళన్నా ఇస్తారేమోనని వచ్చా. ఎప్పుడొస్తారు?"

లోపల ఉన్నారనో, రేపు రమ్మనో చెప్పడానికి నా నోరు సిద్ధంగానే ఉంది. ఎంత సిద్ధంగా ఉందో చూసి నాకే భయమేసింది.

"చనిపోయారండి," అన్నాను. "మొన్న పొద్దున. మీ మోటారు విప్పేశారు. ఎన్ని చుట్లు చుట్టాలో ఎక్కడా రాయలేదు. విస్సన్నపేట ఆయన అంచనా మీద చుడతానన్నాడు, మళ్లీ కాలిపోవచ్చంట. మీరు ఇక్కడ ఆగొద్దు."

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. తన ఊరి పేరున్న అట్టముక్క వెతుక్కుని, మోటారు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఖాళీ బాడీలో చెయ్యి పెట్టి, లోపలి గాట్లను వేలితో తడుముతూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"ఇరవై నాలుగు గాట్లున్నాయమ్మా. మీరు పెద్ద చదువులు చదివారని బాబాయిగారు చెప్పేవారు. దీన్నిబట్టి చుట్లెన్నో తెలీదా?"

"తెలీదండి," అన్నాను.

ఆయన చెయ్యి మళ్లీ లోపల పెట్టి, మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.